మెడ ఆపరేషన్: నొప్పే లేనప్పుడు కోత ఎందుకు?

పాఠకుల ప్రశ్నలకు న్యూరోసర్జన్ జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకు 58 ఏళ్లు. మాది నల్లగొండ జిల్లా, చండూరు దగ్గర పల్లె. నాన్న చిన్నప్పటి నుంచీ మగ్గం మీదే బతికారు. ఏడాదిన్నరగా చేతివేళ్లు మొద్దుబారుతున్నాయి అంటున్నారు. తెగిన పోగు అతకడం ఆయనకు కళ్లు మూసుకుని చేసే పని, ఇప్పుడు దానికి అమ్మను పిలుస్తున్నారు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలా తంటాలు పడుతున్నారు. మగ్గం గుంటలోంచి లేచేటప్పుడు కాళ్లు బిగుసుకుపోతున్నాయి. మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకోవాల్సిందే. మూత్రానికి ఇబ్బంది లేదు. మెడనొప్పి అసలే లేదు. మొదట మా ఊళ్లో ‘నరాల బలహీనత’ అని బీ12 సూదులు వేశారు. తర్వాత ఇంకొకరు షుగర్ వల్లే అన్నారు. షుగర్ ఉన్నమాట నిజమే, మాత్రలు వాడుతున్నారు. చివరికి హైదరాబాద్‌లో ఎమ్మారై తీస్తే మెడలో సీ3 నుంచి సీ6 దాకా (మూడో పూస నుంచి ఆరో పూస దాకా) వెన్నుపాము నొక్కుకుపోయిందనీ, దాంట్లో తెల్లమచ్చ ఉందనీ రాశారు. ఒక సర్జన్ వెంటనే ఆపరేషన్ అన్నారు. ఇంకో డాక్టరు ఫిజియోథెరపీ చేయించి ఆరు నెలలు చూద్దాం అన్నారు. మా మేనత్త వాళ్ల ఊళ్లో ఒకాయన మెడ ఆపరేషన్ చేయించుకుని మంచాన పడ్డాడట. అది విన్నప్పటి నుంచి అమ్మ ‘నొప్పి లేని మనిషిని కోయించడమేంటి’ అని ఒకటే ఏడుపు. నాన్న ఏమీ మాట్లాడరు. మేం ఏం చేయాలి?
– ఒక కూతురు, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారికి జవాబు చెబుతాను. అసలు ప్రశ్న ఆమె అడిగారు.

మెడలో నొక్కుకుపోవడం రెండు రకాలు. వెన్నుపాము నుంచి చేతికి వెళ్లే నరం నొక్కుకుంటే భుజం నుంచి వేళ్ల దాకా జివ్వున లాగుతుంది. రాత్రి నిద్ర ఉండదు, తెల్లారేసరికి డాక్టరు దగ్గర ఉంటారు. చిత్రం ఏమిటంటే, అంత బాధపెట్టే ఆ నొప్పి చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. వెన్నుపామే నొక్కుకున్నప్పుడు అంత గోల ఉండదు. వేళ్లు మొద్దుబారతాయి, చేతిలో గ్లాసు జారుతుంది, నడకలో తూలు వస్తుంది, కాళ్లు బిగుస్తాయి. నొప్పి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. దీన్నే సర్వైకల్ మైలోపతీ అంటాం. జబ్బు మొదలయ్యాక దాని పేరు తేలడానికి సగటున రెండేళ్లకు పైనే పడుతోందని విదేశీ లెక్కలు చెబుతున్నాయి. మన దగ్గర ఆ కాలం ఎలా గడుస్తుందో మీ ఉత్తరంలోనే ఉంది.

బీ12 తక్కువైనా, షుగర్ ఎక్కువైనా తిమ్మిర్లు వస్తాయి, కాదనను. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గుతుంది కూడా. రక్తపరీక్ష చేయించి ఆ సంగతి తేల్చుకోండి. అయితే షుగర్‌తో నరాలు దెబ్బతింటే, మోకాలి కింద రబ్బరు సుత్తితో తట్టినప్పుడు కాలు మందకొడిగా ఉంటుంది. వెన్నుపాము నొక్కుకుంటే అదే కాలు ఎగిరిపడుతుంది. రెండూ ఉన్న మనిషిలో కొంత తికమక ఉంటుంది కానీ, సుత్తి బయటికి తీయనిదే ఆ తికమక కూడా తెలియదు.

ఇక ఇద్దరు డాక్టర్ల సంగతి. ఈ జబ్బు ఎంత ముదిరిందో మేం 18 మార్కులకు కొలుస్తాం. జపాన్ ఎముకల వైద్యుల సంఘం తయారుచేసిన లెక్క ఇది, తర్వాత కొంచెం మార్చారు. చేతుల పనికి 5, కాళ్లకు 7, చేతుల స్పర్శకు 3, మూత్రానికి 3. మీరు రాసినదాన్ని బట్టి నేనే మార్కులు వేస్తాను. గుండీలు చాలా కష్టం మీద పెట్టుకుంటున్నారు కాబట్టి 3. మెట్లకు ఆసరా కావాలి కాబట్టి 4. తిమ్మిరికి ఒకటి తీసేస్తే 2. మూత్రం బాగుంది, 3. మొత్తం 12. పదిహేను నుంచి పదిహేడు దాకా స్వల్పం, 12 నుంచి 14 మధ్యస్థం, 11కు దిగితే తీవ్రం. మీ నాన్నగారు మధ్యస్థంలో ఆఖరి మెట్టు మీద ఉన్నారు. ఉత్తరం చదివి వేసిన మార్కులివి, మనిషిని చూసి వేసేవాళ్లకు ఒకటి అటూ ఇటూ కావచ్చు.

వివిధ దేశాల వెన్నెముక నిపుణులు కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మధ్యస్థానికీ, తీవ్రానికీ ఆపరేషన్ చేయమనే ఉంది. ఫిజియోథెరపీతో కనిపెట్టుకుని ఉండే దారి స్వల్పంగా ఉన్నవాళ్లకు. వాళ్లలో కూడా మెరుగు లేకపోతేనో, దిగజారితేనో ఆపరేషన్ వైపు వెళ్లాలి. రెండో డాక్టరు తప్పు చెప్పారని నేను ఇక్కడ కూర్చుని అనను. ఆయన మీ నాన్నగారిని లేపి నడిపించారా, గుండీ పెట్టించారా, లేక నొప్పి ఉందా అని అడిగి ఫిల్ము చూసి చెప్పారా అన్నది మీకే తెలియాలి. నొప్పి లేదు అనగానే ‘చూద్దాం’ అనడం మా వృత్తిలో ఉన్న జాడ్యమే.

ఒక పని చేయండి. నాన్నగారి ఎదురుగా కూర్చుని ఫోన్‌లో వీడియో తీయండి. పది సెకన్లలో ఆయన పిడికిలి ఎన్నిసార్లు పూర్తిగా మూసి పూర్తిగా తెరవగలరో లెక్కపెట్టండి. ఇరవై సార్లు తెరవగలిగితే బాగున్నట్టు. వెన్నుపాము నొక్కుకున్నవాళ్లలో వేళ్లు నెమ్మదిస్తాయి, సగం తెరుచుకుని ఆగిపోతాయి. తర్వాత చేతులు ముందుకు చాపి, వేళ్లు దగ్గరగా కలిపి ఉంచమనండి. చిటికెన వేలు తనంతట తాను పక్కకు జారిపోతోందా చూడండి. ఆపైన పక్కన ఒక మనిషిని పెట్టి, మడమకు బొటనవేలు ఆనించుకుంటూ గీత మీద నడిచినట్టు నడిపించండి. ఈ వీడియో ఇద్దరు డాక్టర్లకూ చూపించి మళ్లీ అడగండి. రెండు అభిప్రాయాలు ఒకటి కావడానికి ఇదే దగ్గర దారి.

ఆగితే ఏమవుతుంది? ఆపరేషన్ లేకుండా వదిలేసినవాళ్లలో 3 నుంచి 6 ఏళ్లలో నూటికి 20 నుంచి 62 మంది దిగజారారని పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. ఇరవై ఎక్కడ, అరవై రెండు ఎక్కడ అనిపిస్తుంది. జబ్బు తీరే అంత. కొందరు ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉంటారు. కొందరు ఉన్నట్టుండి ఒక మెట్టు దిగుతారు. దిగాక కొంతకాలం నిలకడగా ఉంటారు, అది చూసి ఇంట్లోవాళ్లు తగ్గిందనుకుంటారు. మీ నాన్నగారు ఏ కోవలో ఉన్నారో ఎమ్మారై చెప్పదు. ఏడాదిన్నరలో పోగు అతకడం నుంచి రెయిలింగ్ పట్టుకోవడం దాకా వచ్చారంటే దారి ఎటు పోతోందో మాత్రం తెలుస్తోంది.

ఆపరేషన్‌తో ఏం వస్తుందో కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. దాని మొదటి పని జబ్బును ఉన్నచోట ఆపడం. చాలామందికి పోయినదాంట్లో కొంత తిరిగి వస్తుంది, అదీ ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో. వేళ్ల నేర్పు తిరిగి రావడమే అన్నిటికంటే కష్టం. నా దగ్గరికి వచ్చిన ఒక నేతన్న ఆపరేషన్ తర్వాత సాదా పేక నాడె వేసి నేయగలిగాడు కానీ, చిటికీ కట్టే (రంగు అద్దే ముందు నూలుకు ముడులు వేసే) సన్నపని మాత్రం కొడుక్కి వదిలేశాడు. లక్షణాలు మొదలై ఎంత కాలమైతే, ఎంత ముదిరితే, తిరిగి వచ్చేది అంత తగ్గుతుంది. అందుకే ‘ఇంకా ముదిరాక చేయిద్దాం’ అన్న మాటకు నేను ఒప్పుకోను. రిస్కు అప్పుడూ ఉంటుంది, ఫలితం మాత్రం తరిగిపోతుంది.

మీ ఊరి పేరు చూశాక ఇంకో అనుమానం. చండూరు, మునుగోడు, మర్రిగూడ అనగానే నాకు ఫ్లోరైడ్ నీళ్లు గుర్తొస్తాయి. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి తొలి నివేదిక 1937లో వచ్చింది. అది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల మీద. తర్వాత నల్లగొండ పేరు అంతకంటే ఎక్కువ మోగింది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికే ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. ఇప్పుడు మీ ఇంట్లో కృష్ణా నీళ్లు వస్తుండవచ్చు. కానీ చిన్నప్పటి నుంచి బోరునీళ్లు తాగిన ఎముక నీళ్లు మారగానే మారదు. వెన్నుపూసల మధ్య ఉండే పట్టీలు కూడా ఎముకలా గట్టిపడి, వెన్నుపాము ఉండే గొట్టాన్ని ఒకటి రెండు చోట్ల కాకుండా పొడుగునా ఇరుకు చేస్తాయి. మీ నాన్నగారి పళ్లకు గోధుమరంగు మచ్చలున్నాయా? మెడ, నడుము వంచడం కష్టంగా ఉందా? ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయించండి. రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే ఫ్లోరోసిస్ దాదాపు ఖాయం. మెడకు సీటీ స్కాన్ కూడా కావాలి. గట్టిపడిన పట్టీ ఎమ్మారైలో సరిగ్గా తెలియదు, సీటీలో తెల్లగా కనిపిస్తుంది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఆపరేషన్ ముందు నుంచి చేయాలా, వెనక నుంచి చేయాలా అన్నది దీన్ని బట్టే మారుతుంది. ఒకటి రెండు డిస్కుల (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తల) దగ్గర ముందు నుంచి నొక్కుకుంటే గొంతు పక్కన చిన్న కోతతో డిస్కు తీసి, అక్కడ ఎముకో పంజరంలాంటి చిన్న పరికరమో పెట్టి బిగిస్తారు. నాలుగైదు చోట్ల నొక్కుకుంటే, గట్టిపడిన పట్టీ వెన్నుపాము పొరకు అతుక్కుని ఉంటే, మెడ వెనక నుంచి గొట్టం పైకప్పు తెరవడం చాలాసార్లు మేలు. ఫ్లోరోసిస్ ఎముక మామూలు ఎముకలా ఉండదు, రాయిలా గట్టిగా ఉంటుంది, డ్రిల్లు నెమ్మదిగా వాడాలి. ఇలాంటి కేసులు చేసిన చేయి కావాలి. ‘ఫ్లోరోసిస్ మెడలు మీరు చేశారా?’ అని సర్జన్‌ను మొహమాటపడకుండా అడగండి. అడిగినందుకు విసుక్కుంటే అదీ ఒక సమాచారమే. మత్తు డాక్టరుకు కూడా ముందే చెప్పాలి. మెడ వెనక్కి వంగని మనిషికి ఊపిరి కోసం గొంతులో గొట్టం వేయడం ప్రత్యేకమైన పని.

ప్రమాదాలు లేవని ఎవరైనా అంటే నమ్మకండి. ముందు నుంచి చేస్తే కొన్నాళ్లు మింగడం కష్టమవుతుంది, గొంతు బొంగురుపోవచ్చు. చాలామందికి సర్దుకుంటుంది. వెనక నుంచి చేస్తే మెడ కండరాల నొప్పి, కోత దగ్గర ఇన్ఫెక్షన్ భయం కొంచెం ఎక్కువ. ఎటు నుంచి చేసినా నూటికి సుమారు ఐదుగురికి భుజం పైకెత్తే బలం తగ్గుతుంది. ఆపరేషన్ బాగా జరిగినా రెండో రోజో మూడో రోజో ఇది మొదలై హడలెత్తిస్తుంది, నెలల మీద చాలావరకు కోలుకుంటుంది. మీ అమ్మగారు భయపడుతున్నది, అంటే వెన్నుపాముకే దెబ్బ తగిలి కాళ్లూ చేతులూ ఇంకా పడిపోవడం, నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా ఉండే విషయం. ఫ్లోరోసిస్‌లో అంతకంటే ఎక్కువ. మొత్తం మీద తక్కువే కానీ సున్నా కాదు. మేనత్తగారి ఊరి మనిషి గురించి ఒక్క ప్రశ్న అడిగి చూడండి: ఆయన ఆపరేషన్‌కు నడిచి వెళ్లాడా, మోసుకెళ్లారా? మంచాన పడ్డాక ఆపరేషన్‌కు వచ్చి, తర్వాతా లేవలేకపోయినవాళ్ల పేర్లన్నీ ఊళ్లో ఆపరేషన్ ఖాతాలోనే పడతాయి.

ఎమ్మారైలో తెల్లమచ్చ గురించి అంత టెన్షన్ వద్దు. వెన్నుపాము ఒత్తిడికి లోనైందని దానర్థం. అదొక్కటే ఉంటే కోలుకోరని కాదు. అదే చోట ఇంకో రకం బొమ్మలో నల్లగా కూడా ఉంటే ఆశ కొంచెం తగ్గించుకోవాలి.

నాకైతే ఆపరేషన్ వైపే మొగ్గు. తేదీ మాత్రం అర్ధరాత్రి పరుగెత్తి వేయించుకోవక్కర్లేదు. కొన్ని వారాల్లో షుగర్ అదుపులోకి తెచ్చుకోండి. బీడీ అలవాటుంటే మాన్పించండి, పొగ తాగేవాళ్లలో బిగించిన ఎముక సరిగ్గా అతుక్కోదు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి. ఈలోగా నడక ఇంకా తగ్గినా, మూత్రం ఆపుకోలేకపోయినా వారాల మాట మరిచి వెంటనే తీసుకెళ్లండి. తడి నేల, చీకటి బాత్రూము, బండి వెనక సీటు – ఈ మూడూ జాగ్రత్త. ఇరుకైన మెడతో ముఖం మీద పడితే ఒక్క దెబ్బకే చేతులు పడిపోయినవాళ్లను చూశాను. మగ్గం గుంట దగ్గర పట్టుకుని లేవడానికి ఒక గట్టి కర్ర పాతించండి.

ఖర్చు సంగతి మీరు రాయలేదు కానీ అడగకుండానే చెబుతున్నాను. ఆరోగ్యశ్రీ ఉంటే తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా వర్తిస్తోంది. ఆ ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను కలిసి, మీ నాన్నగారికి రాసిన ఆపరేషన్ జాబితాలో ఉందా, ప్లేట్లు స్క్రూలు అందులోనే వస్తాయా అని స్పష్టంగా అడగండి.

నాన్నగారు మాట్లాడడం లేదన్నారు. చేతిపనితో ఇల్లు నడిపిన మనిషి చేతులు సరిగ్గా లేవని ఒప్పుకోవడం కష్టం. ఆపరేషన్ కావాలా వద్దా అని కాకుండా, ‘నాన్నా, ఏ పని పోతే నీకు ఎక్కువ బాధ?’ అని అడిగి చూడండి. నేయడం అంటారేమో, ఒక్కడే బజారుకు వెళ్లి రావడం అంటారేమో. కోలుకునే నెలల్లో మగ్గం ఎక్కలేకపోయినా కండెలు చుట్టడం లాంటి పనులు డాక్టరు ఒప్పుకున్నప్పటి నుంచి చేయవచ్చు, వేళ్లకు అదే వ్యాయామం. ఆయన చెప్పిన జవాబు పట్టుకుని సర్జన్ దగ్గరికి వెళ్లండి, ఆ పని నిలుస్తుందా లేదా అన్నది ఆయననే అడగండి.

ప్రశ్న: నాకు 43. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. అప్పుడప్పుడు మెడ పట్టేస్తుంటే ఎమ్మారై తీయించుకున్నా. సీ5–సీ6 దగ్గర డిస్కు వెన్నుపామును తాకి కొంచెం నొక్కుతోందట. చేతులు, కాళ్లు మామూలుగానే ఉన్నాయి, వారానికి నాలుగు రోజులు షటిల్ ఆడతాను. ‘ఎప్పుడైనా యాక్సిడెంట్ అయితే పక్షవాతమే, ముందే చేయించుకో’ అని ఒక డాక్టర్ అన్నారు. నిద్ర పట్టడం లేదు.
– ఓ పాఠకుడు

జవాబు: పైన నేతన్నకు ఆపరేషన్ అన్నాను, మీకు వద్దంటున్నాను. మీ ఇద్దరి ఫిల్ముల్లోనూ వెన్నుపాము నొక్కుకునే ఉంది. తేడా చేతుల్లో, కాళ్లలో ఉంది.

ఏ బాధా లేని మామూలు మనుషులకు మెడ ఎమ్మారై తీసి చూస్తే, 40 దాటినవాళ్లలో నూటికి 28 మందికి ఏదో ఒక తేడా కనిపించిందని 1990లోనే అమెరికాలో ఒక ప్రసిద్ధ అధ్యయనం వచ్చింది. లక్షణాలు లేకుండా వెన్నుపాము నొక్కుకున్నవాళ్లను చెక్ దేశంలో ఏళ్ల తరబడి గమనిస్తే, మొదటి ఏడాదిలో నూటికి 8 మందికి లక్షణాలు మొదలయ్యాయి. అంటే 92 మందికి మొదలు కాలేదు. ఇలాంటివాళ్లకు ముందుజాగ్రత్త పేరుతో ఆపరేషన్ చేయవద్దనే ఆ 2017 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. యాక్సిడెంట్ భయానికి హెల్మెట్, సీటుబెల్టు ఉన్నాయి.

అయితే ఒకసారి న్యూరాలజిస్టుకో న్యూరోసర్జన్‌కో చూపించుకుని, సుత్తి పరీక్షలన్నీ చేయించుకోండి. చేతిలోకి లాగే నొప్పి కూడా ఉంటే, నరాల కరెంటు పరీక్షల్లో తేడా ఉంటే లక్షణాలు మొదలయ్యే అవకాశం ఎక్కువ, అప్పుడు లెక్క మారుతుంది. అన్నీ బాగుంటే ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చూపించుకుంటే చాలు. ఈలోగా గుండీలు, సంతకం, కీబోర్డు మీద తప్పులు, మెట్లు దిగేటప్పుడు తూలు, తల కిందికి వంచితే వెన్నులోకి కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం – వీటిలో ఏది మొదలైనా తేదీ కోసం ఆగకండి. షటిల్ ఆడుకోండి. తలకిందులుగా నిలబడే శీర్షాసనం మాత్రం మానేయండి. ఇంటర్నెట్‌లో పక్షవాతం గురించి చదవడం కూడా.

ప్రశ్న: మెడ అరిగిందని ఎక్స్‌రేలో తేలింది. సెలూన్‌లో తల మర్దనా చేశాక మెడ పట్టుకుని టక్కున తిప్పుతారు, హాయిగా ఉంటుంది. తిప్పించుకోవచ్చా?
– తెనాలి పాఠకుడు

జవాబు: వద్దు. మెడలో దారి ఇరుకుగా ఉంటే ఆ ఒక్క తిప్పుకే వెన్నుపాము దెబ్బతినవచ్చు. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. తల మర్దనా వరకు చేయించుకోండి. ఒక చేయి గడ్డం కిందికీ, ఇంకో చేయి తల వెనక్కీ రాగానే ఆపమనండి. అలవాటుగా చేసేస్తారు కాబట్టి కుర్చీలో కూర్చునేటప్పుడే చెప్పేయడం మంచిది.